తిరిగి ఇవ్వవలసింది ఎవరికి?

ఒక ప్రశ్నతో ప్రారంభిస్తాను. అది నేను వేసిన ప్రశ్న కాదు. టెక్కలిలో నేను పాఠం చెప్పే తరగతిలో ఒక అమ్మాయి వేసింది. ఆ రోజు శాసన భాషను గూర్చి చెబుతున్నాను. తెలుగులో దొరికిన తొలి మాటగా పండితులు పేర్కొనే "నాగబు" అమరావతి రాతి మీదిదని చెప్పాను. ఆ అమరావతి శిల్పాలలో సుమారు నూట ఇరవై నేడు లండన్‌లో ఉన్నాయనీ, వాటిని తిరిగి ఇవ్వడమే న్యాయమనీ కొంత ఆవేశంగానే అన్నాను. వెనక బెంచీ నుండి ఆ అమ్మాయి లేచి, "వాళ్లు ఇచ్చేస్తే ఎవులికిస్తారు మాస్టారూ?" అని అడిగింది. తరగతి నవ్వింది. నేనూ నవ్వి "మనకే" అన్నాను. "మనకంటే ఎవులికి?" అని మళ్లీ అడిగింది. ఇంతలో గంట కొట్టారు. నేను బతికిపోయాను.

కాని ప్రశ్న మిగిలిపోయింది. దోచుకున్న వస్తువును తిరిగి ఇవ్వాలా, వద్దా అన్నది పెద్ద చిక్కు ప్రశ్న కాదు. ఇవ్వాలి. చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. ఎవరికి ఇవ్వాలి? పుచ్చుకునేవారికి ఆ హక్కు ఎక్కడి నుండి వచ్చింది? పుచ్చుకున్న తరువాత వారి మీద పడే బాధ్యత ఏమిటి? అభ్యుదయవాదులం సామ్రాజ్యవాద దోపిడీని ఖండించడంలో ఏనాడూ వెనకాడలేదు. ఈ రెండవ ప్రశ్న దగ్గర మాత్రం "జాతి", "దేశం", "మనం" అనే మాటల చాటుకు పోతున్నామని నాకు అనిపిస్తున్నది.

ఈ అనుమానం నాలో తరగతి గదిలో పుట్టలేదు. విద్యార్థి వేతనం మీద నేను లండన్‌లో ఒక సంవత్సరం చదువుకున్నాను. వెళ్లిన కొత్తలోనే బ్రిటిష్ మ్యూజియంకు పోయి అమరావతి గది వెతుక్కున్నాను. గాజుగోడ వెనక, తక్కువ వెలుతురులో, పల్నాటి సున్నపురాతి ఫలకాలు నిలబడి ఉన్నాయి. స్తూపం మీద చెక్కిన స్తూపం, దాని చుట్టూ చేతులు జోడించిన జనం. గుంటూరు జిల్లా నాకు సొంత ఊరు కాదు, ఉద్దానం వాణ్ణి. అయినా నా ఇంటి గడప ఎవరో పీకి తెచ్చి ఇక్కడ నిలబెట్టినట్టు ఉండింది. కోపం వచ్చింది. ఆ కోపంతోనే మెట్లు దిగి, కింది అంతస్తులో ఉన్న ఆఫ్రికా గదులలోకి వెళ్లాను. దోపిడీకి గురైన ఒక జాతివాడు మరొక జాతి దుఃఖాన్ని పలకరించడానికి పోతున్నట్టు వెళ్లాను. నా ఈ మానసిక స్థితిని పాఠకులు గుర్తుంచుకోవాలి. ఎందుకంటే అది ఎక్కువసేపు నిలబడలేదు.

మొదట నన్ను ఆపింది ఒక కుర్చీ. మొజాంబిక్‌లో అంతర్యుద్ధం 1992లో ముగిసిన తరువాత జనం దగ్గర నుండి తుపాకులు సేకరించి, బదులుగా పనిముట్లు ఇచ్చారు. ఆ తుపాకులను కోసి, అతికి, క్రిస్టోవావ్ కన్యవాటో అనే కళాకారుడు 2001లో చేసిన సింహాసనం అది. ఆ తుపాకుల్లో ఏదీ ఆఫ్రికాలో తయారైనది కాదు. చావు దిగుమతి అయింది. దానిని కుర్చీగా మలచిన పనితనం మాత్రం స్థానికం.

ఆ తరువాత ఇత్తడి ఫలకాలు. నేటి నైజీరియాలోని బెనిన్ నగరంలో, రాజప్రాసాదపు స్తంభాలకు తాపడం చేయడానికి పదహారు, పదిహేడవ శతాబ్దాలలో పోతపోసినవి. ఎత్తయిన ఇనుపకడ్డీలకు వరుసలు వరుసలుగా అమర్చి ఉన్నాయి. రాజు, అతని యోధులు, చిరుతపులులు, చేపలు, పొడుగాటి జుట్టుతో పోర్చుగీసు వర్తకులు. మైనంతో బొమ్మచేసి, మట్టి మెత్తి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసే విద్య అది. మన కంచర్లకు, విగ్రహాలు పోసేవారికి కొత్త విద్య కాదు. ఇవి ఐరోపా చేరినప్పుడు అక్కడి పండితులు కొందరు ఆఫ్రికావారు ఇంతటి పని చేయగలరని నమ్మలేకపోయారు. దోచుకున్న వస్తువు గొప్పతనాన్ని ఒప్పుకొని, దాన్ని చేసిన మనిషి గొప్పతనాన్ని ఒప్పుకోకపోవడం వలస పాలనకు పుట్టుకతో వచ్చిన గుణం.

1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ సేనలు బెనిన్ నగరాన్ని పట్టుకున్నాయి. అంతకు ముందు నెలలో, రావద్దన్నా నగరం వైపు బయలుదేరిన ఒక బ్రిటిష్ అధికారి బృందాన్ని అక్కడివారు చంపారన్నది దానికి చూపిన కారణం. నగరం తగలబడింది. రాజు ఒవోన్రామ్వెన్‌ను కలబార్‌కు ప్రవాసం పంపారు. అతడు 1914లో అక్కడే చనిపోయాడు. వేలాది వస్తువులను ఓడలకెక్కించారు. ఒక్క బ్రిటిష్ మ్యూజియం దగ్గరే బెనిన్ వస్తువులు తొమ్మిది వందలకు పైగా ఉన్నాయి.

వాటిని అట్టిపెట్టుకోవడానికి సాధారణంగా మూడు వాదాలు చెబుతారు. "మేము కాపాడాము" అన్నది మొదటిది. ఇందులో కొంత నిజం లేకపోలేదు. మన అమరావతి కథే చూడండి. పద్దెనిమిదవ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టించినప్పుడు స్తూపపు దిబ్బను తవ్వి రాళ్లు వాడుకున్నారు. శిల్పాలను కాల్చి సున్నం చేసినవారూ మనవాళ్లే. ఐతే కాపాడామన్నవారు ఎలా కాపాడారు? వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించిన రాళ్లు మద్రాసులో ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పడి ఉండి, 1859లో ఓడ ఎక్కాయి. లండన్ చేరిన తరువాత కూడా గుర్రపుబండ్ల కొట్టంలో పడి ఉన్నవాటిని జేమ్స్ ఫెర్గూసన్ చూసి 1860లలో వెలుగులోకి తెచ్చాడు. బ్రిటిష్ మ్యూజియంకు అవి చేరింది 1880లో. సరే, చివరికి బాగానే కాపాడారనుకుందాం. పొరుగింటి బిడ్డను జ్వరంలో సాకినంత మాత్రాన బిడ్డ సాకినవాడిదైపోతుందా? సాకినందుకు కృతజ్ఞత చెబుతాము. బిడ్డను రాసి ఇవ్వము.

రెండవ వాదం, "ఇక్కడైతే ప్రపంచమంతా చూడవచ్చు" అన్నది. ఆ మ్యూజియంకు ప్రవేశ రుసుము లేదు, నిజమే. ప్రవేశం ఉచితం, దారి ఉచితం కాదు. నేను ఆ గుమ్మం చేరడానికి వీసా, విమానం, బ్యాంకు కాగితాలు, ఒక విద్యార్థి వేతనం కావలసివచ్చాయి. బెనిన్ నగరంలో నేటికీ ఇత్తడి పోతపోసే ఇగున్ వీధి పనివాడికి ఆ గుమ్మం ఎంత దూరమో వేరే చెప్పనక్కరలేదు.

మూడవది చట్టం. 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం, కొద్దిపాటి మినహాయింపులతో, సేకరణలోని వస్తువులను వదులుకోవడాన్ని నిషేధిస్తున్నది. వస్తువు ఎవరి చేతిలో ఉన్నదో వారే చేసుకున్న చట్టం అది. తలుపుకు తాళం వేసినవాడే "ఏం చేయను, తాళం వేసి ఉంది" అన్నట్టుగా ఉన్నది. తాళం తీయదలచుకున్నవారు తీస్తూనే ఉన్నారు. 2022లో జర్మనీ వెయ్యికి పైగా బెనిన్ వస్తువుల యాజమాన్యాన్ని నైజీరియాకు బదిలీ చేయడానికి ఒప్పందం చేసుకున్నది. అదే సంవత్సరం లండన్‌లోని హార్నిమన్ మ్యూజియం 72 వస్తువుల యాజమాన్యాన్ని వదులుకున్నది. 2025లో నెదర్లాండ్స్ 119 వస్తువులను తిరిగి ఇచ్చింది.

ఇంతవరకు వాదన సుగమం. నా కోపానికి భంగం కలగలేదు. భంగం కలిగించింది ఒక చిన్న విషయం, ఆ ఫలకాల లోహం.

అంత ఇత్తడి ఎక్కడి నుండి వచ్చింది? పోర్చుగీసులు మొదలుగా ఐరోపా వర్తకులు తెచ్చిన "మనిల్లా" అనే కడియాల రూపంలో వచ్చింది. ఆ కడియాల లోహం రైన్ నదీ ప్రాంతపు ఖనిజం నుండి వచ్చిందనీ, బెనిన్ పోతపనిలోని లోహంతో అది సరిపోతున్నదనీ 2023లో జర్మన్ శాస్త్రజ్ఞుల పరిశీలన తేల్చింది. ఈ కడియాలను మిరియాలకు, ఏనుగు దంతాలకు, మనుషులకు వెలగా చెల్లించారు. బెనిన్ రాజులు కూడా ఆ కాలంలో మనుషులను అమ్మినవారే. ఆ గదిలో నేను మెచ్చుకుంటూ నిలబడిన ఇత్తడిలో మనుషుల వెల కరిగి ఉన్నది.

ఇది చదివిన తరువాత గ్రంథాలయంలో ఇంకొంచెం వెతికాను. బానిసల వెలగా ఓడలు మోసుకుపోయిన సరుకు కడియాలు ఒక్కటే కాదు. పద్దెనిమిదవ శతాబ్దంలో ఇంగ్లీషు, ఫ్రెంచి ఓడలు పశ్చిమ ఆఫ్రికాకు తీసుకుపోయిన సరుకులలో నూలుబట్టలది పెద్ద స్థానం. ఆ బట్టలలో చాలా భాగం హిందూదేశంలో నేసినవి. కోరమాండల్ తీరంలో నేసే ఒక రకం బట్టకు "గినియా బట్ట" అనే పేరే ఉండేది. మచిలీపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం వంటిచోట్ల డచ్చి కంపెనీ స్థావరాలు పెట్టింది ప్రధానంగా బట్టల కొనుగోలుకే. మన సముద్రంలోని గవ్వలకూ ఇదే చరిత్ర. మాల్దీవుల గవ్వలు ఐరోపా రేవుల మీదుగా పశ్చిమ ఆఫ్రికా చేరి నాణెంగా చెల్లాయి. డబ్బు లేనప్పుడు "చిల్లిగవ్వ లేదు" అంటాము. దహోమీ తీరంలో ఆ గవ్వలతోనే మనిషికి వెల కట్టారు.

బాధితుడిగా మెట్లు దిగినవాణ్ణి. ఇది తెలిసిన తరువాత మళ్లీ ఆ ఫలకాల ముందు నిలబడితే అంత నిబ్బరంగా నిలబడలేకపోయాను.

ఇక్కడ రెండు తొందరపాటు సమాధానాలు ఎదురవుతాయి. రెండూ తప్పే. "అందరి చేతులూ మురికివే, కనుక ఎవరూ ఎవరినీ అడగనక్కరలేదు" అన్నది మొదటిది. ఇది దొంగకు అనుకూలమైన తత్త్వశాస్త్రం. నేను మూడోవాడికి బాకీ ఉన్నంత మాత్రాన నీవు నాకు ఉన్న బాకీ రద్దు కాదు. బెనిన్ రాజు తప్పు బ్రిటిష్ సేనాని దోపిడీని కడిగివేయదు. నా బాకీ వసూలు చేసుకున్న తరువాత నేను ఉన్న బాకీ తీర్చాలి. అంతే.

"బట్ట నేసినవాడికి అది ఎక్కడికి పోతుందో తెలియదు, కనుక మన తప్పేమీ లేదు" అన్నది రెండవ సమాధానం. నేతగాడి విషయంలో ఇది నిజమే. ముందుగా డబ్బిచ్చి మగ్గాన్ని కట్టిపడేసుకున్న కంపెనీ కింద అతనూ స్వేచ్ఛ ఉన్నవాడు కాడు. కాని ఆ బట్ట మీద లాభం తిన్న దళారులు, వర్తకులు, రేవు సుంకం వసూలు చేసిన ప్రభువులు కూడా "మన"వాళ్లే. "మన" అనే మాటలో నేతగాణ్ణీ దళారినీ కలిపి కట్టినప్పుడే ఈ గందరగోళం పుడుతుంది. గర్వపడవలసినప్పుడు నేతగాడి పనితనం మనది అంటాము. సిగ్గుపడవలసినప్పుడు నేతగాడి నిరుపేదతనాన్ని అడ్డుపెట్టుకుంటాము. లాభం తిన్నవాడు రెండుసార్లూ తప్పించుకుంటాడు.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు రావచ్చు. "మనకంటే ఎవులికి?"

బెనిన్ విషయంలో ఈ ప్రశ్న నిజంగానే వచ్చింది. 2023 మార్చిలో అప్పటి నైజీరియా అధ్యక్షుడు బుహారీ, తిరిగి వచ్చే వస్తువుల యాజమాన్యం బెనిన్ రాజు ఒబాదని ప్రకటించాడు. అంతకు ముందే 2022లో, అమెరికాలో బానిసల సంతతివారు నడిపే రెస్టిట్యూషన్ స్టడీ గ్రూప్ అనే సంస్థ ఇంకొక వాదన తెచ్చింది. ఆ ఇత్తడి మా పూర్వికుల వెల, కనుక మాకూ అందులో హక్కున్నది అని వారు స్మిత్సోనియన్ సంస్థ వస్తువులను ఇవ్వకుండా ఆపాలని కోర్టుకు వెళ్లారు. కోర్టు ఆపలేదు. తిరిగి ఇవ్వడాన్ని ఆపాలన్న వారి కోరికతో నేను ఏకీభవించను. ఐతే వారు వేసిన ప్రశ్నను కొట్టివేయలేను. రాజు, రాజ్యం, మ్యూజియం అనే ముగ్గురు పెద్దలు కూర్చున్న పంచాయతీలోకి నాలుగవ మనిషి వచ్చి, "ఇందులో మా నెత్తురున్నది" అన్నాడు. అసలు ఐదవ మనిషి కూడా ఉన్నాడు, పోతపోసిన పనివాడు. ఆయనను ఎవరూ పిలవనే లేదు.

అమరావతిలో ఈ ఐదవ మనిషి పేరు మనకు కొంత దక్కింది. అక్కడి దాన శాసనాలలో రాజుల పేర్ల కన్నా గృహిణులు, భిక్షుణులు, వర్తకులు, వృత్తిపనివారి పేర్లే ఎక్కువ. వారిలో విధికుడు అనే చర్మకారుడు ఒకడు. తోలుపని చేసేవాడు. పూర్ణకుంభం చెక్కిన ఫలకం ఇచ్చి, తన పేరు రాయించుకున్నాడు. ఆ తరువాత వచ్చిన సమాజం విధికుడి వృత్తివారిని ఊరి బయట పెట్టింది. స్తూపం మన్నులో కప్పడిపోయింది. రాళ్లు జమీందారు గోడల్లోకీ, సున్నపు బట్టీల్లోకీ పోయాయి. మిగిలినవి ఓడెక్కి "ఎలియట్ మార్బుల్స్" అయ్యాయి. విధికుడి రాతి మీద నుండి విధికుడి పేరును చెరిపింది ఒక్క ఆంగ్లేయుడు కాదు. ఆ పనిలో మన చేయి ముందు ఉన్నది.

కాబట్టి తిరిగి ఇవ్వడంలో రెండు మెట్లు ఉన్నాయని నా అభిప్రాయం. తీసుకుపోయినవాడు దించాలి. ఇది మొదటి మెట్టు, దీనికి ఏ షరతూ లేదు. పుచ్చుకున్నవాడు కొత్త యజమాని కాకూడదు. ఇది రెండవ మెట్టు, షరతులన్నీ ఇక్కడే. లండన్ గాజుగోడ తీసి హైదరాబాదు గాజుగోడ కడితే చిరునామా మారుతుంది. న్యాయం జరగాలంటే చేసిన చేతుల వారసులు ఆ వస్తువు ముందు సందర్శకులుగా కాక హక్కుదారులుగా నిలబడగలగాలి.

ఇది గాలిలో మాట కాదని చెప్పడానికి ఇంటి దగ్గరి ఉదాహరణ ఒకటి. వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చినవాడు గిడుగు రామమూర్తి. సవర భాషకు నిఘంటువు కూర్చిన మహానుభావుడు. మాట ఎవరిదో వారికే అక్షరంగా తిరిగి ఇవ్వాలన్నది ఆయన జీవితమంతా చేసిన పని. శాలిహుండంలో మ్యూజియం ఉన్నది, వీసా అక్కరలేదు. మా తరగతిలో చూసినవారు చేతులెత్తండి అన్నాను. నలభై మందిలో ముగ్గురు ఎత్తారు. తప్పు ఆ పిల్లలది కాదు. ఇన్నేళ్లుగా పాఠం చెబుతూ ఒక్కసారి కూడా బస్సెక్కించి తీసుకుపోని నాది.

ఇక చివరి మాట. ఈ వ్యాసం రాయడానికి నన్ను నిజంగా పురికొల్పింది అదే. ఆ అమ్మాయిది పలాస. తల్లి కాశీబుగ్గలో ఒక జీడిపప్పు పరిశ్రమలో పిక్కలు కోస్తుంది. జీడి రసానికి చర్మం కాలి, వేళ్లు నల్లబడి ఉంటాయి. ఉద్దానం పంట ఆ పరిశ్రమలకు చాలదు. పైగా 2018 అక్టోబరులో తిత్లీ తుపాను జీడి, కొబ్బరి తోటలను కూల్చిపోయింది. కనుక పశ్చిమ ఆఫ్రికా నుండి ముడి పిక్కలు ఓడల మీద వస్తాయి. పిక్కలు పంపుతూ వచ్చిన దేశాలలో బెనిన్ ఒకటి. ఇది నేను చెప్పిన బెనిన్ నగరం కాదు, దాని పొరుగున ఉన్న దేశం. పూర్వం దహోమీ, 1975లో ఈ పేరు పెట్టుకున్నది. 1892లో ఫ్రెంచి సేన కొల్లగొట్టిన తమ రాజప్రాసాదపు వస్తువులలో 26ను 2021 నవంబరులో ఆ దేశం తిరిగి తెచ్చుకున్నది. అదే దేశం, 2024 ఏప్రిల్ 1 నుండి ముడి పిక్కల ఎగుమతి ఆపి, పప్పు తన గడ్డ మీదనే తీయించాలని నిర్ణయించింది.

శిల్పాలు తిరిగి తెచ్చుకున్న దేశం పిక్కలనూ ఉంచుకోదలచింది. రెండింటి వెనక ఉన్న సూత్రం ఒక్కటే: మా గడ్డ మీది దాని విలువ మా చేతుల్లో పెరగాలి. మొదటిదానికి చప్పట్లు కొట్టి, రెండవదానికి ముఖం ముడుచుకునే హక్కు నాకు లేదు. అమరావతి రాళ్లు అడిగే నోటితో "పిక్కలు మాత్రం మాకే పంపండి" అనలేను. కాని పిక్కలు రాకపోతే పని పోయేది ఎవరికి? ఆ అమ్మాయి తల్లికి. న్యాయమైన నిర్ణయం ఒకటి, న్యాయం ఎరగని చోట ఒక కడుపు కొట్టవచ్చు. ఇక్కడ నా సూత్రానికి నిజమైన పరీక్ష ఉన్నది.

నా సమాధానం ఇది. పిక్క సముద్రం దాటి పలాస రావడానికి కారణం పలాస నేల కాదు, పలాస ఆడవాళ్ల చేతులు చవక కావడం. అక్కడ పండించిన చేయి చవక, ఇక్కడ కోసిన చేయి చవక. ఈ రెండు చవకల మధ్య ఉన్నదే లాభం. కనుక ఆ ఇద్దరు స్త్రీలనూ ఒకరికొకరు పోటీగా నిలబెట్టే వాదాన్ని అంగీకరించకూడదు. బెనిన్ స్త్రీకి పని రావడం న్యాయం. దాని ఖర్చు కాశీబుగ్గ స్త్రీ నెత్తిన పడడం అన్యాయం. ఆ ఖర్చు మోయవలసినవారు ఇన్నేళ్లు ఇద్దరి శ్రమ మీదా లాభం తీసినవారు. ఉద్దానం తోటలు తిరిగి నిలబడేట్టు, కోసిన చేతికి బతకదగిన కూలి దక్కేట్టు పోరాడడం అమరావతి రాళ్లు అడగడానికి వేరైన పని కాదు. రెండూ ఒకటే ప్రశ్న.

మరుసటి వారం తరగతిలో ఆ అమ్మాయికి జవాబు చెప్పాను. "రాళ్లు ముందు ఈ నేలకు రావాలమ్మా. వచ్చాక విధికుడి పేరు మొదట చదవాలి. దాన్ని చూడడానికి మీ అమ్మ టిక్కెట్టు కొనకుండా, కూలి పోగొట్టుకోకుండా రాగలిగిన రోజున ఆ రాళ్లు మనకు చేరినట్టు" అన్నాను. ఆమె కొంచెంసేపు ఆలోచించి, "ఐతే ఇంకా చేరలేదన్నమాట, ఇక్కడున్నవి కూడా" అన్నది.

ఈసారి తరగతిలో ఎవరూ నవ్వలేదు.